'ఎగ్జిస్టెంజ్' (1999): చివరి సీన్ మోసమా, కాదా? (కథ మొత్తం మాట్లాడుకుంటున్నాం, చూడనివాళ్లు జాగ్రత్త)

రీలుపెట్టె

డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసిన 'ఎగ్జిస్టెంజ్' ఇప్పుడే చూశాను. 97 నిమిషాల సినిమా. చూసి మర్చిపోయినవాళ్ల కోసం కథ కాస్త చెప్తాను.

అలెగ్రా గెల్లర్ (జెన్నిఫర్ జేసన్ లీ) ప్రపంచంలోనే పెద్ద గేమ్ డిజైనర్. చర్చిలాంటి ఒక హాల్లో కొంతమంది అభిమానులను కూర్చోబెట్టి తన కొత్త గేమ్ ఆడిస్తుంటుంది. ఒక కుర్రాడు లేచి ఆవిణ్ణి రాక్షసి అని తిట్టి కాలుస్తాడు. దెబ్బ భుజానికి తగులుతుంది. ఆ కంపెనీలో ట్రైనీ అయిన టెడ్ పైకుల్ (జూడ్ లా) ఆవిణ్ణి కారెక్కించుకుని పారిపోతాడు. గేమ్ పాడైందో లేదో తెలియాలంటే నమ్మకమైన మనిషి ఇంకొకరు తనతో కలిసి ఆడాలంటుంది. ఆడాలంటే నడుము దగ్గర వెన్నెముకకి కన్నం వేయించుకోవాలి. దాన్ని బయోపోర్ట్ అంటారు. పైకుల్‌కి అది లేదు, వేయించుకోవాలంటే భయం. అక్కడి నుంచి గేమ్‌లోకి, గేమ్‌లో ఇంకో గేమ్‌లోకి.

చివర్లో చూస్తే అందరూ తలలకి ఏవో తొడుక్కుని అదే హాల్లో కూర్చుని ఉంటారు. మొదటి నుంచీ మనం చూసింది 'ట్రాన్సెండెంజ్' అనే వేరే గేమ్ అన్నమాట. అక్కడ మళ్లీ తుపాకులు, మళ్లీ చావులు, ఇది కూడా గేమేనా అన్న అనుమానంతో సినిమా కట్.

నా గొడవ ఏంటంటే, గంటన్నర నన్ను టెన్షన్ పెట్టి చివరికి "అదంతా ఉత్తదే" అంటే ఎలా? పాత సీరియళ్లలో హీరో ఉలిక్కిపడి మంచం మీద లేస్తాడే, దానికీ దీనికీ తేడా ఏంటి? ఎవరైనా చెప్పండి. కోపంగా ఉన్నాను, కానీ పొద్దుట్నుంచీ ఇంకో పని మీద మనసు పోవట్లేదు.

కాకినాడ కాజా

నేను చైనీస్ రెస్టారెంట్ సీన్ దగ్గర ఆపేశాను గురూ. అన్నం తింటూ పెట్టాను, అదీ నా ఖర్మ.

అడ్మిన్ బాబాయ్

రెండు మాటలు. ఒకటి, డౌన్‌లోడ్ లింకులు అడగొద్దు, ఇవ్వొద్దు. రెండు, "మనం ఇంకా గేమ్‌లోనే ఉన్నామా" అనే జోకు ఈ థ్రెడ్‌లో నిషేధం. అందరికీ అదే తడుతుందని నాకు తెలుసు.

మొద్దునిద్ర

రీలుపెట్టె గారూ, ఇది క్రోనెన్‌బర్గ్ సినిమాల్లో నాకు బాగా ఇష్టమైంది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఈ ఆలోచన ఎక్కడిదో చూడండి. 1995లో ఒక కెనడా పత్రిక కోసం క్రోనెన్‌బర్గ్ రచయిత సల్మాన్ రష్దీని ఇంటర్వ్యూ చేశాడు. అప్పటికి రష్దీ తల మీద 1989 నాటి ఫత్వా ఉంది, ఆయన పోలీసు కాపలాలో దాక్కుని బతుకుతున్నాడు. ఒక కథ రాసినందుకు మనిషిని చంపమనడం అనే విషయం చుట్టూ ఈ స్క్రిప్టు పెరిగింది. అలెగ్రా తలకి కూడా 50 లక్షల డాలర్ల వెల కడతారు. పెట్రోల్ బంకులో గ్యాస్ అనేవాడు (విలెం డఫో) ముందు ఆవిడ కాళ్ల మీద పడి "మీ గేమే నా జీవితాన్ని మార్చింది" అని భజన చేసి, కాసేపటికే ఆ డబ్బు కోసం తుపాకీ తీస్తాడు. అభిమాని, హంతకుడు ఒకడే.

1983 తర్వాత ఆయన పూర్తిగా సొంతంగా రాసుకున్న మొదటి కథ ఇదే. మధ్యలోవి ఎక్కువగా నవలలూ నాటకాల నుంచి తీసినవి, లేదా పాత సినిమాని మళ్లీ తీసినవి. బెర్లిన్ ఉత్సవంలో దీనికి సిల్వర్ బేర్ ఇచ్చారు, కళాత్మక కృషి కింద.

ఇక "అదంతా ఉత్తదే" అన్న మాట. మొదటి నుంచీ ఆయన దాచలేదండీ, మనమే చూడలేదు. పెట్రోల్ బంకు బోర్డు మీద ఏం రాసి ఉంది? 'కంట్రీ గ్యాస్ స్టేషన్'. అంతే, ఊరు పేరు లేదు, కంపెనీ పేరు లేదు. ఆ లోకంలో ఎక్కడా కంప్యూటర్ లేదు, టీవీ లేదు. గేమ్ మెషీన్లు తయారయ్యే కాలంలో ఒక్క స్క్రీన్ కూడా లేకపోవడం ఏంటి? మనుషులు యాసలు మార్చి వింతగా మాట్లాడతారు. పైకుల్ ఫోన్‌ని అలెగ్రా కారు కిటికీలోంచి బయటికి విసిరేస్తే అతను కాసేపు గొణిగి ఊరుకుంటాడు. కథకి అడ్డమొచ్చే వస్తువుని తీసిపారేయడం గేమ్ రాసేవాళ్ల అలవాటు.

పిక్సెల్ పంతులు

మొద్దునిద్ర గారు చెప్పిన బోర్డుల సంగతి చూసి నవ్వొచ్చింది. నేను గచ్చిబౌలిలో గేమ్ స్టూడియోలో పని చేస్తాను. లెవెల్ కడుతున్నప్పుడు మొదట్లో అన్నిటికీ పేర్లు అలాగే ఉంటాయి. 'పెట్రోల్ బంక్', 'హోటల్', 'పెద్ద చెట్టు'. ఆర్ట్ వాళ్లు వచ్చి మార్చేదాకా అంతే. క్రోనెన్‌బర్గ్‌కి ఎవరో చెప్పే ఉండాలి, లేకపోతే ఆయనకి మంచి కన్ను ఉంది.

ఇంకొకటి కూడా సరిగ్గా పట్టుకున్నాడు. గేమ్ షాపులో డార్సీ నేడర్ అనేవాడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి తలాడిస్తూ ఉంటాడు చూడండి. సరైన డైలాగ్, అదీ వాడి పేరుతో కలిపి చెబితే తప్ప కదలడు. 1999 నాటి గేమ్‌లలో పాత్రలు అచ్చంగా అంతే. ఇప్పుడు కొంచెం మెరుగు, అంతకంటే ఏం లేదు.

ప్రమాదం విషయానికొస్తే మాత్రం ఈ సినిమా ఊహకీ అసలు వీఆర్‌కీ (వర్చువల్ రియాలిటీ, కళ్లకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడేది) సంబంధం లేదు. అసలు వీఆర్‌లో ప్రమాదం చాలా చప్పగా ఉంటుంది: వాంతులు. కళ్లేమో "పరిగెడుతున్నావ్" అంటాయి, చెవిలోపలి భాగమేమో "కదల్లేదుగా" అంటుంది. ఈ గొడవకి కడుపులో తిప్పుతుంది. తల తిప్పిన తర్వాత బొమ్మ మారడానికి సుమారు 20 మిల్లీసెకన్లు దాటితే తేడా తెలిసిపోతుంది, అందుకని దాని కోసం చచ్చీచెడీ పని చేస్తాం. రెండోది, గదిలో టీపాయ్‌కి కాలు కొట్టుకోవడం. వెన్నులో కన్నాలు అక్కర్లేదు.

కాకినాడ కాజా

టీపాయ్ సంగతి నిజం. మా బావమరిది హెడ్‌సెట్ పెట్టుకుని బాక్సింగ్ ఆడుతూ ట్యూబ్‌లైట్ పగలగొట్టాడు.

డల్లాస్ బుల్లోడు

నేను దీన్ని అమెరికాలో థియేటర్లోనే చూశాను. వై2కే పని మీద (2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీల్లో తికమకపడతాయన్న భయం) మనవాళ్లం గుంపులు గుంపులుగా వచ్చిన కాలం అది. రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చే కోబోల్ కోడ్ పగలంతా, శుక్రవారం రాత్రి సినిమా. మార్చి 31న 'మేట్రిక్స్' వచ్చింది. మా అపార్ట్‌మెంట్లో ఉన్నవాళ్లందరం దాన్ని చూసి పిచ్చెక్కిపోయాం. ఏప్రిల్ 23న ఇది వచ్చింది. అదే టైపు సినిమా అనుకుని నేనూ ఇంకో ఫ్రెండూ వెళ్లాం. హాలు దాదాపు ఖాళీ. మావాడు మధ్యలో లేచి బయట కూర్చున్నాడు.

అమెరికాలో దీనికి 30 లక్షల డాలర్లు కూడా రాలేదు. అందరూ 'మేట్రిక్స్' వల్లే అంటారు. కానీ ఆ వారం నాకు ఇంకోలా గుర్తుంది. ఏప్రిల్ 20న కొలరాడోలో కొలంబైన్ స్కూల్ కాల్పులు జరిగాయి. ఏ ఛానల్ పెట్టినా అవే బొమ్మలు, కాల్చిన ఇద్దరు పిల్లలూ వీడియో గేమ్‌లు ఆడేవాళ్లని అవే చర్చలు. సరిగ్గా మూడు రోజులకి, గేమ్ వల్ల మనుషుల్ని కాల్చే సినిమా. ఎవరు వెళ్తారు?

విశాలాక్షి ఒంగోలు

డల్లాస్ బాబూ, ఆ తేదీల సంగతి నాకు తెలియదు, మంచి విషయం చెప్పారు.

రీలుపెట్టె గారి ప్రశ్నకి నా జవాబు వేరు. చివరి సీన్ మోసం కాదు, ఆ సినిమా మొత్తం ఆ సీన్ కోసమే ఉంది. కాజా గారు ఆపేసిన చోటునే గుర్తు చేసుకోండి. రెస్టారెంట్లో పైకుల్ స్పెషల్ తెప్పిస్తాడు. ఆ జంతువుల్ని తినకూడదని అతనికి అసహ్యం, కానీ చెయ్యి ఆగదు, తింటాడు. ఎముకల్ని ఒకదానికొకటి తగిలిస్తే తుపాకీ అవుతుంది. నోట్లోంచి కట్టుడు పళ్లు తీసి బుల్లెట్లుగా పెడతాడు. అప్పుడు అంటాడు, నాకు ఇక్కడ ఎవరినో చంపాలని ఉంది అని. అలెగ్రా ఏమాత్రం కంగారు పడదు. అది నీ పాత్రకి పుట్టిన కోరిక, ఆపుకోకు, నీ చేతిలో లేదు అన్నట్టు చెప్తుంది. ఆవిడే వెయిటర్‌ని పిలుస్తుంది, అతను కాల్చేస్తాడు.

మీరందరూ నిజం చెప్పండి, ఆ వెయిటర్ చచ్చినప్పుడు ఎవరికైనా బాధేసిందా? నాకైతే వేయలేదు. గేమే కదా అనుకున్నాను. జూడ్ లా పళ్లు తీస్తుంటే నవ్వాను కూడా.

ఇప్పుడు చివరి సీన్. అలెగ్రా, పైకుల్ పాత్రలు ఆడిన ఇద్దరూ 'ట్రాన్సెండెంజ్' తయారుచేసిన నూరిష్‌ని, పక్కనున్న అమ్మాయినీ చంపేశాక తుపాకులు ఎవరి మీదికి తిరుగుతాయి? అదే మనిషి మీదికి. వెయిటర్ పాత్ర ఆడినతని మీదికి. కాల్చకండి అని బతిమాలి, నిజం చెప్పండి, ఇదింకా గేమేనా అని అడిగేది అతనే. ఇంతకుముందు ఒకసారి "గేమే కదా" అని మనం చావనిచ్చిన మనిషి ఇప్పుడు ఆ ప్రశ్న మననే అడుగుతున్నాడు. హీరోయిన్ అడిగినా, హీరో అడిగినా ఆ ముగింపు మామూలు ట్విస్టే అయ్యేది.

రీలుపెట్టె

అతనే వెయిటర్ అని నేను గమనించలేదు. ఒక్క నిమిషం, మళ్లీ పెట్టి చూస్తాను.

రీలుపెట్టె

అతనే.

అమ్మమ్మ కథలు

ఇలాంటి కథ మనకి కొత్త కాదు. యోగవాసిష్ఠంలో లవణ మహారాజు కథ ఉంది. మడికి సింగన తెలుగులో 'వాసిష్ఠ రామాయణం' రాశాడు కదా, దాని మూలం సంగతే చెప్తున్నా. సభలోకి ఒక ఇంద్రజాలికుడు వచ్చి నెమలి పింఛం తిప్పుతాడు, ఒక గుర్రాన్ని చూపిస్తాడు. రాజు కాసేపు కొయ్యబారిపోతాడు. ఆ కాసేపట్లో ఆయన ఆ గుర్రమెక్కి అడవిలో పడి, ఆకలికి తాళలేక ఒక చండాల కన్యని పెళ్లాడి, పిల్లల్ని కని, ముసలివాడై, కరువులో కొడుకు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక మంటల్లో దూకబోతాడు. కళ్లు తెరిస్తే సింహాసనం మీదే ఉన్నాడు.

ఇంతవరకైతే కలే. కానీ ఆయన ఊరుకోడు, మర్నాడు ఆ అడవిని వెతుక్కుంటూ వెళ్తాడు. ఆ పల్లె అక్కడే ఉంటుంది. అత్తగారు ఏడుస్తూ ఉంటుంది, అల్లుడి గురించీ పిల్లల గురించీ.

మొద్దునిద్ర

ఆహా! విశాలాక్షి గారు చెప్పిన దానికీ దీనికీ కలిసింది. గేమ్‌లో పోయినవాళ్ల కోసం ఏడ్చేవాళ్లు ఎక్కడో ఉన్నారన్నమాట.

పిక్సెల్ పంతులు

అమ్మమ్మ కథలు గారూ, కథ అద్భుతం. "అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయి" వైపు మాత్రం దయచేసి వెళ్లొద్దు.

అమ్మమ్మ కథలు

నేను వెళ్లలేదు నాయనా, కథ చెప్పానంతే. మీ వీఆర్ పెట్టెలు వాసిష్ఠంలో ఉన్నాయని ఎక్కడన్నాను?

పిక్సెల్ పంతులు

సారీ అండీ, వాట్సాప్ గ్రూపుల వల్ల వచ్చిన భయం.

విశాలాక్షి గారితో సగం ఒప్పుకుంటాను. సీన్ బాగుంది, ఆ వెయిటర్ సంగతి నిజంగా గొప్ప పాయింట్. కానీ ఆ లెక్కన సినిమా ఏం చెబుతోంది? గేమ్ ఆడితే చంపాలనే కోరిక పుడుతుందనా? కొలంబైన్ తర్వాత టీవీల్లో అన్న మాట అదే. ఇప్పటికీ ఏదన్నా జరిగితే మొదట మా మీదే పడతారు. ఇన్నేళ్లుగా కోట్లమంది కాల్పుల గేమ్‌లు ఆడుతున్నారు, వాళ్లంతా ఇంటి పక్కవాళ్లని కాల్చట్లేదు కదా. కాల్చాలంటే నిజం తుపాకీ కావాలి, అది అమెరికాలో సులువుగా దొరుకుతుంది. అసలు కారణం వదిలేసి గేమ్ మీద పడటం నాకు నచ్చదు.

విశాలాక్షి ఒంగోలు

గేమ్ వల్ల కోరిక పుడుతుందని నేను అనలేదు. సినిమా కూడా అనలేదు. పంతులు గారూ, చివర్లో కాల్చేది ఎవరు? గేమ్‌లంటే పిచ్చి ఉన్నవాళ్లు కాదు, గేమ్‌లని ద్వేషించేవాళ్లు. నిజాన్ని కాపాడతాం, నిజాన్ని పాడుచేసినవాణ్ణి శిక్షిస్తాం అని వచ్చినవాళ్లు. నూరిష్‌కి గేమ్ అయ్యాక కంగారు పుడుతుంది గుర్తుందా, ఈ గేమ్‌లో గేమ్‌లంటే ఇంత ద్వేషం ఎక్కడి నుంచి వచ్చింది, నేను పెట్టలేదే, ఆడినవాళ్లలో ఎవరి బుర్రలోంచో వచ్చింది అని అసిస్టెంట్‌తో అంటాడు. కోరిక ఆడేవాడు బయటి నుంచి తెచ్చుకున్నదే.

గేమ్ ఇచ్చింది ఒక్కటే: సాకు. "నేను కాదు, నా పాత్ర చేస్తోంది." పైకుల్ వెయిటర్‌ని కాల్చేది ఆ సాకుతోనే. ఈ సాకు గేమ్‌లోనే దొరుకుతుందా? మతం ఇస్తుంది, కులం ఇస్తుంది, పార్టీ ఇస్తుంది. మొద్దునిద్ర గారు చెప్పిన ఫత్వా కూడా అదే కదా. చంపేవాడికి తను హంతకుణ్ణని అనిపించదు, తనకిచ్చిన పాత్ర ఆడుతున్నానని అనిపిస్తుంది.

డల్లాస్ బుల్లోడు

2022 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో రష్దీ మీద కత్తితో దాడి జరిగినప్పుడు నాకు వెంటనే ఈ సినిమా మొదటి సీనే గుర్తొచ్చింది. స్టేజీ, ఎదురుగా అభిమానులు, వాళ్లలోంచి ఒకడు లేచి రావడం. ఫత్వా ఇచ్చి 33 ఏళ్లు దాటాక. ఆయనకి ఒక కన్ను పోయింది.

మొద్దునిద్ర

ఫత్వాకి కారణమైన రష్దీ నవల 'ది సెటానిక్ వర్సెస్' మన దేశంలోకి దిగుమతి కాకుండా 1988 అక్టోబరులోనే ఆపేశారు, ఫత్వా కంటే ముందే. దీని మీద చర్చ వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం, లేకపోతే బాబాయ్ తాళం వేస్తారు.

అడ్మిన్ బాబాయ్

తాళం చేతిలోనే ఉంది.

భద్రాచలం పోరడు

నాకో డౌటు. అందరూ మెదడు గురించి, నిజం గురించి మాట్లాడుతున్నరు. నాకైతే ఈ సినిమాల భయమేసింది ఒళ్లు గురించి. ఆ పాడ్ ఏంది, అదే గేమ్ ఆడే మెషీను, కప్ప గుడ్లతో చేస్తరట, పిసికితే మూలుగుతది, జబ్బు పడుతది. దానికి బొడ్డుతాడు. దాన్ని మనిషి వెన్నుల గుచ్చుతరు. కరెంటు బదులు మనిషి ఒంట్లోంచే శక్తి పీల్చుకుంటది. 'మేట్రిక్స్'ల కూడా మెడ వెనక గుచ్చుతరు గానీ అది స్టీలు లెక్క ఉంటది, సాఫ్‌గా. ఇది చూస్తుంటే ఒళ్లు జలదరించింది. గిట్ల ఎందుకు తీసిండు?

మొద్దునిద్ర

మంచి ప్రశ్న తమ్ముడూ. ఆయన మొదటి నుంచీ అంతే. ఏ యంత్రం తీసుకున్నా అది చివరికి మన ఒంట్లో భాగం అవుతుందనే చూపిస్తాడు. ఒక చిన్న సీన్ ఉంది. పైకుల్ అడుగుతాడు, ఈ కన్నం నేరుగా ఒంట్లోకి తెరుచుకుని ఉంటుంది కదా, చీము ఎందుకు పట్టదు అని. అలెగ్రా జవాబివ్వదు, నోరు బార్లా తెరిచి నాలుక చాపుతుంది. కన్నాలు మనకి పుట్టుకతోనే ఉన్నాయి, వాటిలోంచే లోకం లోపలికి వస్తోంది, ఒకటి ఎక్కువైతే ఏంటట అని. ఒక్క మాట లేకుండా సినిమా సారాంశం మొత్తం చెప్పేసింది ఆవిడ.

విశాలాక్షి ఒంగోలు

ఇందులో ఆడా మగా తారుమారు చేయడం కూడా చూడాలి. మామూలుగా సినిమాల్లో భయపడేది అమ్మాయి, ధైర్యం చెప్పేది అబ్బాయి. ఇక్కడ అనుభవం ఆవిడది, వణుకు ఇతనిది. జూడ్ లా లాంటి అందగాణ్ణి తెచ్చి అలా ముడుచుకుపోయే పాత్ర ఇవ్వడం నాకు భలే నచ్చింది.

పిక్సెల్ పంతులు

ప్రమాదం మాటొచ్చింది కాబట్టి ఒక నిజం సంగతి. ఆక్యులస్ హెడ్‌సెట్ తయారుచేసిన పామర్ లకీ తెలుసుగా? 2022 నవంబరులో తన బ్లాగులో ఒక హెడ్‌సెట్ ఫొటో పెట్టాడు. గేమ్‌లో చస్తే నిజంగానే చంపేసే హెడ్‌సెట్ అది. నుదుటి పైన పేలుడు పదార్థం ఉన్న మూడు గొట్టాలు. స్క్రీన్ మీద ఎరుపు ఒక ప్రత్యేకమైన వేగంతో మెరిస్తే సెన్సర్ పట్టుకుని పేలుస్తుంది. ఒక జపాన్ కథలో అలాంటి గేమ్ మొదలైన తేదీ అదే అని ఆ రోజున పెట్టాడు. తను కూడా ఇంకా తలకి పెట్టుకోలేదనీ, ఇప్పటికి ఇది ఆఫీసులో బొమ్మేననీ అన్నాడు.

చదివాక మా ఆఫీసులో సగంమంది "సూపర్" అన్నారు. నేనూ నవ్వాను. విశాలాక్షి గారి మాటల తర్వాత ఆ నవ్వు మీద కొంచెం అనుమానం వచ్చింది, అంతవరకే ఒప్పుకుంటున్నాను.

కాకినాడ కాజా

పంతులు లొంగిపోయాడు!

పిక్సెల్ పంతులు

లొంగలేదు. ముగింపు గొప్పదే. మధ్యలో చేపల ఫారం ఫ్యాక్టరీ దగ్గర ఎవరు ఎవరి గూఢచారో తెలియక నాకు విసుగొచ్చింది. గూఢచారికి గూఢచారి, వాడికి ఇంకో గూఢచారి. దాన్ని కూడా "కావాలనే అలా తీశాడు" అంటే నేను ఒప్పుకోను. విసుగు విసుగే.

విశాలాక్షి ఒంగోలు

ఆ ముక్క నేనూ ఒప్పుకుంటాను. ఆ పదిహేను నిమిషాలు నేను కూరగాయలు తరుగుతూ చూశాను.

భద్రాచలం పోరడు

మన తెలుగుల ఇసొంటివి ఏమన్న ఉన్నయా?

డల్లాస్ బుల్లోడు

నేరుగా వీఆర్ మీద గుర్తుకు రావట్లేదు. 2019లో తాప్సీ చేసిన 'గేమ్ ఓవర్' కొంచెం దగ్గర. తెలుగు, తమిళం రెండిట్లో తీశారు. అందులో ఆ అమ్మాయి గేమ్ డిజైనర్, చేతి మీద పచ్చబొట్లే గేమ్‌లో లైఫ్‌ల లెక్క. గేమ్‌లోకి వెళ్లదు, గేమ్ పద్ధతే ఆమె జీవితంలోకి వస్తుంది. చూడు, నచ్చుతుంది. రాత్రి ఒంటరిగా మాత్రం వద్దు.

రీలుపెట్టె

రెండోసారి పూర్తిగా చూశాను. కోపం పోయింది, కానీ మొత్తం పోలేదు. వెయిటర్ విషయంలో విశాలాక్షి గారిదే కరెక్ట్. ఇంకోటి గమనించాను, ఎవరూ అనలేదు. మధ్యలో పైకుల్ గేమ్ ఆపేసి కొండమీది ఆ గెస్ట్‌హౌస్ గదిలోకి తిరిగొస్తాడు కదా. పరుపు తడిమి చూసుకుంటాడు, ఇది కూడా గేమ్‌లానే అనిపిస్తోంది, నువ్వు కూడా గేమ్‌లో పాత్రలా అనిపిస్తున్నావ్ అంటాడు అలెగ్రాతో. మొదటిసారి చూసినప్పుడు ఆడీ ఆడీ బుర్ర చెడింది పాపం అనుకున్నాను. నిజానికి ఆ సినిమా మొత్తంలో అతను సరిగ్గా చెప్పిన మాట అదొక్కటే. అలెగ్రా అది విని కంగారు పడదు, సంతోషిస్తుంది.

పంతులు గారూ, హెడ్‌సెట్ చాలాసేపు పెట్టుకుని తీశాక మీకు అలా ఉంటుందా?

పిక్సెల్ పంతులు

నాకు పెద్దగా ఉండదు. టెస్టింగ్ టీమ్‌లో ఒకమ్మాయి చెబుతుంది, రోజంతా ఆడాక తన చేతుల్ని చూసుకుంటే ఎవరివో అన్నట్టు కాసేపు ఉంటుందని. మొహం కడుక్కుని టీ తాగితే పోతుందట. అందుకే టెస్టర్లకి మధ్యమధ్యలో బ్రేకులు పెట్టాం. పెద్ద కంపెనీలు పిల్లలకి వయసు హద్దు పెట్టాయి. మెటా వాళ్లది 13 ఉండేది, 2023లో 10కి దించారు. దించడం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి.

కాకినాడ కాజా

సరే, ఇంత చెప్పాక నేనూ ఆపిన చోటు నుంచి చూస్తాను. తినేశాకే పెడతాను. ఆ రెస్టారెంట్ సీన్ కాకుండా ఇంకా అలాంటివి ఎన్ని ఉన్నాయో ముందే చెప్పండి.

మొద్దునిద్ర

జబ్బు చేసిన పాడ్ సీన్ ఒకటి ఉంది. అది వచ్చేముందు నూరిష్ చేతిలో మంటలు కక్కే గొట్టం కనిపిస్తుంది, అప్పుడు కళ్లు మూసుకో. మిగతావి నువ్వు తట్టుకోగలవు.